పుర్రచేతి కుట్టు

గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో మణికట్ల దాకా చేతులు ముంచి భోజన్న అప్పటికి అరగంటగా కూర్చునే ఉన్నాడు. నీళ్ళు చల్లబడుతున్నాయనిపించినప్పుడల్లా సత్తవ్వ పొయ్యి మీదినుంచి ఒక చెంబెడు తెచ్చి పోస్తోంది. పోసినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకుని "హా..." అంటున్నాడు. మనిషికి వేళ్ళు పది. భోజన్నకు తెల్లారగానే మాట వినేవి అందులో రెండే. మిగతా ఎనిమిదీ అలిగిన కొత్త అల్లుళ్ళు. వేడినీళ్ళు పోయాలి, ఆముదం రాయాలి, బతిమాలాలి, అప్పుడు గానీ కదలవు.

"బొటనేలు లేసిందా?" అడిగింది సత్తవ్వ.

"కండ్లు తెరిసింది. ఇంక లేవలే."

"ఎన్నొద్దులు లేపుతవయ్యా వాటిని గిట్ల? నాకైతె సూడబుద్ధి గాదు."

"సెవి జారేదాంక," అన్నాడు భోజన్న.

చెవి అంటే సంచి చెవి. భోజన్న పని నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు సంచుల మూతులు కుట్టడం. కాంటా అయిన సంచి మూతి మడిచి, ఒక మూలలోకి గుప్పెడు పసుపు కొమ్ములు తోసి, సుతిలి తాడు రెండు చుట్లు చుట్టి, ముడి వేసి లాగితే అక్కడ నిమ్మకాయంత బుడిపె నిలబడుతుంది. అదే చెవి. అక్కణ్ణుంచి దబ్బనంతో పదకొండు కుట్లు వేసుకుంటూ పోయి రెండో మూల ఇంకో చెవి కట్టాలి. డెబ్బై కిలోల సంచిని హమాలీ వీపు మీదికి ఎత్తేది ఆ చెవులు పట్టుకునే. మోసే హమాలీ కూడా భుజాల మీదుగా చేతులు వెనక్కి పోనిచ్చి ఆ చెవులు పట్టుకునే నడుస్తాడు. ఇనుప కొక్కేలు లేక కాదు, కొత్త సంచికి చిల్లి పడుతుందని ఖరీదుదార్లు ఒప్పుకోరు. కుట్టడానికి కరెంటు మిషన్లు కూడా వచ్చాయి. అవి మూతిని బర్రున కుట్టేస్తాయి గానీ చెవులు పెట్టవు. చెవుల్లేని సంచిని చూస్తే హమాలీలు మొహం తిప్పుకుంటారు. ఇక చెవి ఉండి, దాని ముడి బిగువుగా లేదనుకోండి, అది మరీ ప్రమాదం. నడుస్తుండగా చెవి జారుతుంది, డెబ్బై కిలోలూ ఒక్కసారిగా వెనక్కి గుంజుతాయి. ఆ గుంజుడుకి మంచాన పడ్డవాళ్ళు యార్డులో ఇద్దరు ముగ్గురున్నారు.

రెండేళ్ళ కింద పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ భోజన్న చేతుల ఫొటో దీపం ముందు పెట్టి చాలాసేపు చూసింది. కీళ్ళవాతం అంది. వారానికి ఒకరోజు వేసుకునే గోలీలు రాసింది. గట్టిగా పట్టే పని, లాగే పని, మెలిపెట్టే పని చేయకూడదని చెప్పింది. భోజన్నకు నవ్వొచ్చింది. ఆ మూడూ తీసేస్తే ఆయన పనిలో మిగిలేది కూర్చోవడం ఒక్కటే. "మంచిదమ్మా" అని దండం పెట్టి వచ్చేశాడు. ఆ దండంలో కూడా చేతులు పూర్తిగా కలవలేదు.

మర్నాడు పొద్దున షెడ్డు కింద హమాలీలూ, కాంటా వేసే దడ్వాయీలూ, చాట పట్టే ఆడవాళ్ళూ అందరూ ఉండగా సంచి మీద అరచేత్తో చరిచి చెప్పాడు. "నా సేతులు ఖరాబైనయని ఎవ్వలు ఫికర్ జేయొద్దు. నేను కట్టిన సెవి ఎన్నడు జారితె, గా ఒద్దే లేసి పోత. ఎవ్వలు సెప్పెడిది లేదు."

ముప్ఫై ఏళ్ళలో ఆయన కట్టిన చెవి జారింది లేదు మరి. ఆ దర్జా గొంతులో వినిపించింది. ఆ తర్వాత ఒక సీజను పూర్తిగా గడిచింది, రెండోది నడుస్తోంది. ఇప్పటికీ జారలేదు. అందుకే పొద్దున్నే వేళ్ళతో ఈ బేరాలు.

గిన్నెలోంచి చేతులు తీసి తుడుచుకున్నాడు. చొక్కా గుండీల సంగతి పోయినేడే వదిలేశాడు. సిమెంటు కంపెనీవాళ్ళు పంచిన గుండ్రమెడ బనీను తలలోంచి వేసుకుంటే సరి. చాయ్ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాడు. తలుపు గొళ్ళెం మణికట్టుతో ఎత్తాడు. సైకిలు ఉంది గానీ బ్రేకు పట్టే వేళ్ళు లేవు గనుక అది గోడకు ఆనుకుని ఉంటుంది. యార్డు ఇరవై నిమిషాల నడక. నడిచినంతసేపూ పిడికిలి ముడుస్తూ తెరుస్తూ పోయాడు. ఎదురొచ్చినవాళ్ళు చూస్తే ఎవరితోనో కుస్తీకి పోతున్నాడనుకోవాలి.

మార్చి నెల. షెడ్లన్నీ పసుపు కుప్పలే. కమ్మర్‌పల్లి, నందిపేట్ వైపు రైతులు రాత్రి తెచ్చి పోసుకున్న సరుకు. గాలి పీలిస్తే గొంతు గరగరమంటుంది, తుమ్మితే రుమాలు పచ్చనవుతుంది. భోజన్న తన కుప్ప దగ్గర గోనె పరుచుకుని, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చున్నాడు. మొలలోంచి దబ్బనం తీశాడు. అది చూడాలి మీరు. దాని పిడికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి చుట్టి మొక్కజొన్న కంకి అంత లావు చేశాడు. సన్నని పిడిని వేళ్ళు పట్టుకోలేవు, లావుదాన్ని అరచెయ్యి పట్టుకోగలదు. తాడు లాగడానికి వేళ్ళతో పని పెట్టుకోడు. మోచేతి కింద రెండు చుట్లు తిప్పుకుని, భుజం వెనక్కి విసురుతాడు, తాడు దానంతట అదే బిగుస్తుంది. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఒక్కో వేలు చేతులెత్తేసినప్పుడల్లా ఒక్కో ఉపాయం కనిపెట్టుకుంటూ వచ్చాడు. ఆ బుర్రకు సలాం కొట్టాలి.

పైగా ఆయనది ఎడమచేతివాటం. అక్కడి మాటలో పుర్రచెయ్యి. చిన్నప్పుడు బోధన్ పక్క ఊళ్ళో చెరకు కొట్టడానికి పోయేవాడు. వరసగా నిలబడి కొట్టే పనిలో పుర్రచేతివాడు పక్కవాడికి గండం. అందరి కత్తులూ ఒకవైపు ఊగితే వాడిది ఇంకోవైపు ఊగుతుంది. అందుకని భోజన్నను ఎప్పుడూ వరస చివర, గట్టు పక్కన నిలబెట్టేవారు. ఒకసారి కూడా ఎవరికీ గీత పడనివ్వలేదు గానీ, మనవల్ల పక్కవాడికి ఏమన్నా అవుతుందేమో అన్న బెదురు మాత్రం ఆయనలో అప్పటినుంచీ ఉండిపోయింది. ఇరవై ఆరో ఏట ఈ యార్డుకు వచ్చి సంచులు కుట్టడంలో పడ్డాక ప్రాణం హాయిగా ఉంది. ఇక్కడ పక్కన ఎవరూ ఉండరు. సంచీ తనూ అంతే. అందరి కుట్లూ కుడికి వాలితే ఆయనవి ఎడమకు వాలుతాయి. వంద సంచుల్లో భోజన్న సంచి ఏదో గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలడు.

"నాగేందర్, ఇయ్యాల కల్లు తాగొచ్చినవా, సాఫ్‌గ వచ్చినవా?" అని కేకేశాడు భోజన్న, కాంటా దగ్గర నిలబడ్డ హమాలీని చూసి.

నాగేందర్‌కు నలభై దాటాయి. ఎత్తరి, మెడ దున్నపోతు మెడ. నడుముకు వెడల్పాటి తోలు పట్టీ. "సాఫ్‌గనే వచ్చిన అన్నా," అని నవ్వాడు.

దాంతో భోజన్న కథ అందుకున్నాడు. పోయిన సీజన్లో ఒకరోజు నాగేందర్ లారీకి వాలుగా వేసిన పలక మీదినుంచి సంచితో సహా వెల్లకిలా పడ్డాడు. నడుం పట్టేసి వారం రోజులు పనికి రాలేదు. కాలు జారిందన్నాడు. భోజన్న అరటిపళ్ళు తీసుకుని ఇంటికి పోయి పరామర్శించి, పరామర్శతో పాటు నాలుగు తిట్లు కూడా తిట్టి వచ్చాడు. పొద్దుగాల్నే కల్లు తాగి మోస్తె గిట్ల గాక ఎట్లయితదిరా అన్నాడు. నాగేందర్ సాయంత్రాలు కల్లు తాగే మనిషే గనుక ఆ మాట అతికింది. అప్పటినుంచీ చాయ్ వేళ భోజన్నకు అదొక కాలక్షేపం. కూర్చున్నచోటే ఊగుతూ, తూలుతూ, సంచి ఎటు పోయిందో, మనిషి ఎటు పోయాడో చేసి చూపిస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వుతారు. నాగేందరూ నవ్వుతాడు. పాతవాళ్ళు మాత్రం కొంచెం తక్కువగా నవ్వి పనిలో పడతారు. చూసిచూసి విసుగొచ్చి ఉంటుందనుకునేవాడు భోజన్న.

"సాల్తియ్యే అన్నా," అంది సాయవ్వ చాటలో మట్టిగడ్డలు ఏరుతూ. ఆమె షెడ్డు ఊడ్చే మనిషి. కుప్పల కింద మిగిలిన పసుపు చెరిగి, రాళ్ళూ ఆకులూ తాడు ముక్కలూ వేరు చేస్తుంది. "పాపం, ఆయన ఇనీ ఇనీ యాష్టకొస్తుండు."

"యాష్టకొస్తె తాగుడు బంద్ జేస్తడు," అన్నాడు భోజన్న. అని దబ్బనం గుచ్చాడు.

పది గంటలకు వేళ్ళు దారికొచ్చాయి. ఎండ రేకుల మీద కాలుతున్న కొద్దీ కీళ్ళలో నెయ్యి కరిగినట్టుంటుంది ఆయనకు. ఆ రెండు మూడు గంటలే ఆయన రాజ్యం. మూల మడత, గుప్పెడు కొమ్ములు, రెండు చుట్లు, ముడి, భుజం విసురు. పదకొండు కుట్లు. మళ్ళీ మూల. ఒక్కో ముడి దగ్గర ఎముకలో సూది దింపినట్టు పోటు వచ్చేది. వచ్చినప్పుడు ముక్కుతో గట్టిగా గాలి వదిలేవాడు, అంతే, చెయ్యి ఆపేవాడు కాదు. పక్క కుప్ప దగ్గర కుట్టే ముత్యం ఆయనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. వాడు నాలుగు సంచులు కుట్టేలోగా భోజన్న మూడు కుట్టేవాడు. ఆ చేతులతో మూడు! ఆ చేతులు ఒకసారి మీ కళ్ళారా చూస్తే తప్ప ఆ లెక్క ఎంత గొప్పదో తెలియదు. కణుపులు ఉబ్బి, వేళ్ళు ఒకవైపుకు వంగిపోయి, అరచేతిలో తాడు రాపిడికి తోలు గట్టిపడి ఉంటాయి. ఆ రెండూ ఆయన ఒంటికి అతికించిన ఇంకెవరివో చేతుల్లా ఉంటాయి.

ఒంటిగంటకు వేళ్ళు మళ్ళీ పట్టేయడం మొదలైంది. రోజూ ఆ వేళకు చాయ్ వస్తుంది. తాగడానికి తక్కువ, వేడి గ్లాసు పట్టుకుని వేళ్ళు సాగదీసుకోవడానికి ఎక్కువ. ఆరోజు రాలేదు. చాయ్ తెచ్చే మనిషి తన బిడ్డ పెళ్ళికని నందిపేట్ పోయాడట. కాసేపు చూసి, ఇక లాభం లేదని భోజన్న లేచి గోడ అవతల క్యాంటీను దగ్గరికి తనే పోయాడు. గోడ అవతలంటే లారీలు నిలిచే చోటు. సంచులు కుట్టేవాళ్ళకు అక్కడ పని ఉండదు. సంచులు తోపుడు బండి మీద గోడ దాటుతాయి, వీళ్ళు ఒక కుప్ప అయిపోగానే ఇంకో కుప్పకు పోతారు తప్ప తాము కుట్టిన సంచులు లారీ ఎక్కడం ఎవరూ చూడరు. భోజన్న చూసి ఎన్నేళ్ళయిందో.

చాయ్ గ్లాసు అరచేతుల మధ్య పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా సాంగ్లీ పోయే లారీ. డ్రైవరు దేవిదాస్ క్యాబిన్ మెట్టు మీద నిలబడి "చలా చలా, లవ్‌కర్ కరా" అని మరాఠీలో తొందరపెడుతున్నాడు. నేల మీదినుంచి లారీ మీదికి వాలుగా వేసిన చెక్క పలక మీద హమాలీలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. భోజన్నకు ముచ్చటేసింది. ముత్యం కుట్టిన సంచి వచ్చింది. ఇద్దరు చెరో చెవీ పట్టి హుప్ అని లేపారు, నాగేందర్ వీపు అందించి, చేతులు వెనక్కి పెట్టి చెవులు అందుకుని, గబగబా ఎక్కేశాడు. అరనిమిషం పని.

తర్వాతి సంచి మీద కుట్లు ఎడమకు వాలి ఉన్నాయి. భోజన్న కొంచెం ముందుకు వంగాడు. ఎవరికుండదు, తన చేతి పని పోతుంటే చూడాలని?

ఆ సంచి దగ్గర ఎత్తేవాళ్ళిద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. చేతులు సంచి అడుగుకు పోనిచ్చి, అమాంతం కౌగిలించుకుని పైకి లేపారు. నాగేందర్ చెవులు పట్టుకోలేదు. నడుం బాగా వంచి, చేతులు రెండూ వెనక్కి కిందుగా పెట్టి, సంచి అడుగును పట్టుకుని, పసిపిల్లను ఉప్పు మూట మోసినట్టు మోసుకుంటూ ఒక్కో అడుగే వేస్తూ ఎక్కాడు. పలక మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

ఎందుకో అలా చేశారులే అనుకున్నాడు భోజన్న. ఇంకోటి వచ్చింది, మళ్ళీ అంతే. ముత్యం కుట్టిన మూడు సంచులను చెవులు పట్టుకునే ఎక్కించారు. భోజన్నది వచ్చేసరికి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నారు. కొత్తగా చేరిన హమాలీ ఒకడు తెలియక ఎడమ కుట్ల సంచి చెవి మీద చెయ్యి వేశాడు. నాగేందర్ చప్పున ఆ చెయ్యి తోసేశాడు.

"అరేయ్, గది భోజన్నది. సెవులు ముట్టకు. కిందికెల్లి పట్టు."

భోజన్న గ్లాసు బెంచీ మీద పెట్టాడు. చాయ్ ఒలికింది. ముందు ఒళ్ళు మండింది. తన సంచిని అంటరానిదాన్ని చేస్తారా వీళ్ళు! కోపంతో నాలుగడుగులు వేశాడు కూడా. అప్పుడు నాగేందర్ పలక దిగి వచ్చి, తోలు పట్టీ కాస్త వదులు చేసుకుని, రెండు చేతులూ నడుం మీద ఆనించి వెనక్కి విరుచుకున్నాడు. ఆ నొప్పి మొహం చూడగానే భోజన్న అడుగు ఆగిపోయింది. పోయినేడు పలక మీద జారింది నాగేందర్ కాలు కాదు. అరటిపళ్ళు తీసుకుని పోయి తను తిట్టివచ్చిన తిట్లు, ఏడాది పొడుగునా షెడ్డు కింద తను ఊగుతూ చేసిన నాటకం, పాతవాళ్ళ ఆ తక్కువ నవ్వు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. సిగ్గుతో చచ్చిపోదామా అనిపించింది ఆయనకు.

నాగేందర్ ఆయన్ని చూశాడు. చూసి, సంచుల వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"ఎన్నొద్దుల సందిరా?"

"ఏందన్నా?"

"నకరాలు జేయకు. నువ్వు పడ్డ ఒద్దు జారింది నేను కట్టిన సెవేనా?"

నాగేందర్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఒక్కపారే గదనే జారింది," అన్నాడు.

"మరి ఎందుకు సెప్పలే?"

"సెప్తె నువ్వు లేసి పోదువు. అందరి ముంగట అంటివి గదా. ముప్పై ఏండ్ల సంది మా వీపులు నీ సెవుల మీదనే నడిసినయి. ఇప్పుడు జర మేం వంగితె ఏమైతదనుకున్నం. మస్తు బరువేం గాదు అన్నా, కిందికెల్లి పడితె. అలవాటైంది."

"నడుంకు పట్టి ఎందుకు మరి?"

నాగేందర్ పట్టీ మీదికి తువ్వాలు లాక్కున్నాడు. దేవిదాస్ క్యాబిన్‌లోంచి ఇంకోసారి కేకేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"నిన్ను ఊరంత తాగుబోతును జేస్తి గదరా," అన్నాడు భోజన్న. "ఒక్కపారన్న నోరు తెరవకపోతివి."

"పోనీ తియ్యే. అందరు నవ్విండ్రు గదా. నేను గూడ నవ్విన."

భోజన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. మోచేత్తో తుడుచుకున్నాడు. ఇంత ప్రేమను ఏం చేసుకోవాలో మనిషికి తెలియదు. తిడదామంటే నోరు రాదు, దండం పెడదామంటే చేతులు కలవవు. "నా మాట పోయినేడే అయిపోయింది. ఏడాది సంది నేను కుట్టింది సంచుల మీద గాదు, నీ నడుం మీద," అన్నాడు. "కుప్పల ఇంకొక్క సంచి ఉన్నది. గది కుట్టి లేస్త. కాని గది నువ్వు సెవులు పట్టి మొయ్యాలె."

"వద్దన్నా."

"మొయ్యకపోతె ఇప్పుడే పోత. కిందికెల్లి పట్టిన సంచి నా ఆఖరి సంచి అయితదిరా. గది నీకు మంచిగనిపిస్తదా?"

నాగేందర్ తోలు పట్టీ బిగించుకుని వెంట నడిచాడు.

షెడ్డు కింద సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది. ముత్యం దబ్బనం పక్కన పెట్టాడు. సాయవ్వ చాట ఆపింది. దడ్వాయి సంచి కాంటా వేసి, బరువు చెప్పి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. భోజన్న గోనె మీద కూర్చుని సంచిని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఎడమ చెవి, పదకొండు కుట్లు, మామూలు దారిలోనే పోయాయి, కాకపోతే రెట్టింపు సేపు పట్టింది. కుట్టు కుట్టుకూ ఆగి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. రెండో చెవి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఎండ వాలింది, చాయ్ వేడి సరిగా అందలేదు, కుడి చెయ్యి ముడుచుకుని కూర్చుంది. తాడు మోచేతికి చుట్టి భుజం విసిరాడు. ముడి సగం దిగి ఆగింది. పాదం కింద తాడు తొక్కిపెట్టి లాగాడు. ఇంకో వీసమెత్తు దిగింది. ఇన్నాళ్ళూ ఆయన కట్టింది అంతవరకే. అంతవరకు చూసి బిగిసిందనుకుని వదిలేస్తూ వచ్చాడని అప్పుడు ఆయనకే అర్థమైంది. పక్కనుండి చూసేవాళ్ళకు ఎప్పుడో అర్థమైంది.

ముత్యం ముందుకు వంగాడు. "నేను గుంజనా అన్నా?"

భోజన్న తల అడ్డంగా ఊపాడు. లేచి కుళాయి దగ్గరికి పోయాడు. మూడుసార్లు నోరు పుక్కిలించాడు. పసుపు పెళ్ళిళ్ళకు పోయేది, దేవుళ్ళకు పోయేది. సంచి తాడుకు నోరు పెడితే ఎంగిలని యార్డులో కుట్టేవాళ్ళెవరూ ఆ పని చేయరు. భోజన్న కూడా ఈ ముప్ఫైరెండేళ్ళలో చేయలేదు. వచ్చి కూర్చుని, "తల్లీ, తప్పు కాయి," అని మెల్లగా అనుకుని, ముడికి మూరెడు దూరాన వేలాడుతున్న తాడు కొసను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆ కొస ఎలాగూ కోసేసేదే. రెండు అరచేతులూ సంచికి తన్నిపెట్టి, మెడ నరాలు తాళ్ళలా లేవగా, తల వెనక్కి విరిచాడు.

ముడి కిర్రుమని దిగింది. సంచి మూల చెవి నిక్కపొడుచుకుని లేచింది.

ఆయన ఒక్క క్షణం అలాగే కళ్ళు మూసుకుని ఉండిపోయాడు. తర్వాత కొడవలి ముక్కతో తాడు కొస కోసి పక్కకు పడేశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చేత్తో సైగ చేశాడు, ముందు ఎత్తి చూడండి అని. ఇద్దరు చెరో చెవీ పట్టి మూడుసార్లు ఎత్తి కుదిపారు. చెవులు కదలలేదు. అప్పుడు గానీ నాగేందర్‌ను దగ్గరికి రానివ్వలేదు భోజన్న.

నాగేందర్ వీపు అందించాడు. భుజాల మీదుగా చేతులు వెనక్కి పోనిచ్చి రెండు చెవులూ పట్టుకున్నాడు. ఏడాది తర్వాత వాటిని పట్టుకుంటున్నాడు. నిటారుగా నడిచాడు. అందరూ గోడ దాకా వెంటపోయారు. పలక ఎక్కుతున్నప్పుడు ఎవరూ ఊపిరి తీయలేదు. దేవిదాస్ కూడా కేకలు ఆపి ఏం జరుగుతోందో తెలియక చూశాడు. నాగేందర్ మధ్యలో ఆగలేదు. లారీలో సంచి దించి, పైనుంచి గట్టిగా అరిచాడు.

"జారలే అన్నా! ఇసుమంత గూడ జారలే!"

భోజన్న తల ఊపాడు. నోటికి పెట్టిన తువ్వాలు తీయలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి. పాతికేళ్ళు చిన్నవాడైపోయినట్టు వెలిగింది ఆ మొహం.

"ఏమన్న మాట్లాడు అన్నా," అన్నాడు ముత్యం. "రేపు ఒక్క ఒద్దన్న రా, ఉత్తగ కూసుందువు."

ఆయన మాట్లాడలేదు. ముత్యం భుజం మీద అరచెయ్యి వేశాడు, సాయవ్వ వైపు తిరిగి తల వంచాడు, దిగి వస్తున్న నాగేందర్‌కు దూరం నుంచే చెయ్యెత్తాడు. వేళ్ళు పూర్తిగా తెరుచుకోని ఆ చెయ్యి అలా కాసేపు గాలిలో ఉంది. తర్వాత గేటు దాటి, సత్తవ్వకు ఏమని చెప్పాలో ఆలోచించుకుంటున్నట్టు నెమ్మదిగా రోడ్డు వెంట పోయాడు. దుఃఖం ఆపుకోలేక నోరు మూసుకున్నాడనుకున్నారు అందరూ. నాగేందర్ పలక మీద కూర్చుని ఏడ్చాడు.

లారీ కదిలింది. అయిదు గంటలకు సాయవ్వ షెడ్డు ఊడ్చి, కుప్పల కింది పసుపు చాటలోకి ఎత్తి చెరగడం మొదలుపెట్టింది. రాళ్ళు ఒకవైపు, ఆకులు ఒకవైపు, తాడు ముక్కలు ఒకవైపు. ఒక తాడు ముక్క కొసన ఏదో గట్టిగా ఇరుక్కుని ఉంది. పసుపు పలుకు అనుకుని విదిలించింది. రాలలేదు. వేళ్ళతో ఊడదీసి, కొంగుకు తుడిచి, వెలుగులోకి పెట్టి చూసింది. వేరు దగ్గర కాస్త నెత్తురు మరక ఉన్న పన్ను.

"అయ్యో, అన్నా," అంది సాయవ్వ, ఎవరూ లేని షెడ్డులో.

పిల్లల పాలపన్ను ఊడితే ఇంటి మీదికి విసురుతారు, కొత్తది రావాలని. ముసలివాళ్ళ పన్ను ఊడితే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెత్తలో వేయడానికి చెయ్యి రాలేదు. కాంటా పక్కన షెడ్డు స్తంభానికి ఇటుక ఊడిన సందు ఒకటి ఉంది. అందులో చిన్న కాగితం ముక్క పరిచి దాన్ని పెట్టింది. మర్నాడు ముత్యం కుట్టడానికి వచ్చేసరికి రాత్రి గాలికి లేచిన పసుపు దుమ్ము దాని మీద సన్నగా పేరుకుని, పన్ను పచ్చగా ఉంది.